మబ్బులో నిప్పు, మానులో నీరు

పిడుగు పడితే చెట్టుకు ఏమవుతుంది? ఏ ఊళ్లో అడిగినా జవాబు తడుముకోకుండా వస్తుంది: కాలిపోతుంది. మీరు కళ్లారా చూసిన చెట్టు సంగతి చెప్పండి అని అడిగితే మాత్రం జవాబులు మారిపోతాయి. చేనుగట్టు మీది తాడిచెట్టు మొవ్వు మాడి మొండిమానుగా మిగిలిందని ఒకరంటారు. వేపచెట్టుకు కొమ్మ దగ్గర్నుంచి మొదలు దాకా బెరడు ఊడి తెల్లటి చార పడిందనీ, అయినా మరుసటేడు మామూలుగానే చిగిర్చిందనీ ఇంకొకరు చెబుతారు. వేరొకరు చూసిన చెట్టు నిలువునా చీలి రెండు పక్కలా ఒరిగిపోయింది. కొబ్బరితోట రైతునడిగితే, పిడుగు పడింది ఒక చెట్టు మీదే గానీ చచ్చినవి చాలా అంటాడు. వీటిలో అసలు మంట కనిపించనివే ఎక్కువ.

కాబట్టి పిడుగుకీ బియ్యానికీ ఒకటే మంత్రం చదివినట్టు, అన్ని చెట్లకూ కలిపి ఒక జవాబు చెబితే కుదరదు. పిడుగులన్నీ ఒకే బలంతో పడవన్నది నిజమే. కానీ చెట్టు బతకడం, చావడం, చీలడం, మండటం చాలావరకు మరో సంగతి మీద ఆధారపడి ఉంటాయి. అది ఆ క్షణాన చెట్టులో నీరు ఎక్కడుందన్నది. బెరడు మీదా, బెరడు కిందా, మాను నడుమా? ఈ అధ్యాయంలో మనం ఆ నీటి వెంటే వెళ్దాం.

పిడుగు చెట్టును వెతుక్కుంటూ వస్తుందా?

ముందు పైనుంచి మొదలుపెడదాం. ఉరుముల మబ్బు లోపల గాలి భయంకరమైన వేగంతో పైకి లేస్తుంటుంది. అందులో సన్నటి మంచు పలుకులూ, వాటికన్నా బరువైన మెత్తటి మంచు గుళికలూ ఒకదానికొకటి తగులుతూ ఉంటాయి. తగిలినప్పుడల్లా వాటి మధ్య కొంత విద్యుదావేశం చేతులు మారుతుంది. తేలికపాటి పలుకులు ధనావేశంతో మబ్బు నెత్తికి చేరతాయి, బరువైన గుళికలు రుణావేశంతో దిగువన ఉండిపోతాయి. ఈ ఎడబాటు పెరిగి పెరిగి, ఇక గాలి అడ్డుకోలేని స్థితి వచ్చినప్పుడు మబ్బు అడుగు నుంచి ఒక సన్నటి దారి కిందికి బయలుదేరుతుంది. శాస్త్రజ్ఞులు దీన్ని స్టెప్డ్ లీడర్ అంటారు. మనం తొలిబాట అని పిలుచుకుందాం.

తొలిబాట ఒక్క దూకున నేలకు రాదు. సుమారు 50 మీటర్లు దూకుతుంది, సెకనులో పది లక్షల వంతులలో ఒక యాభై వంతులసేపు ఆగుతుంది, మళ్లీ దూకుతుంది. దారిలో కొమ్మలు వేస్తుంది. ఆగుతూ ఆగుతూ వస్తున్నా దాని సగటు వేగం సెకనుకు 200 కిలోమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. మన కంటికి ఈ నడక కనిపించదు.

అది దిగుతున్నంతసేపూ కింద ఏముందో దానికి పట్టదు. ఊరుందా, చెరువుందా, తాడితోపుందా అన్న తేడా లేదు. నేల ఇంకా 50 నుంచి 100 మీటర్ల దూరం ఉందనగా అసలు కథ మొదలవుతుంది. తొలిబాట మోసుకొస్తున్న రుణావేశం ప్రభావంతో కింద నిటారుగా ఉన్న ప్రతి మొన నుంచీ, అంటే చెట్టు చివర నుంచీ, గుడి కలశం నుంచీ, కరెంటు స్తంభం నుంచీ, ఒక్కోసారి మనిషి తల నుంచీ, చిన్న చిన్న విద్యుత్ రేఖలు పైకి లేస్తాయి. వీటిని ఎదురుబాటలు అందాం. వీటిలో ఏది ముందుగా తొలిబాటను కలుసుకుంటే పిడుగు దానిది.

తాడిచెట్టంటే పిడుగుకు ఇష్టమన్న మాట ఇక్కడినుంచే పుట్టింది. తాడిలో పిడుగును పిలిచే రసమేదీ లేదు. అది ఇరవై ముప్పై మీటర్ల ఎత్తు పెరుగుతుంది, పైగా మన పొలాల్లో గట్ల మీద ఒంటిగా నిలబడుతుంది. చుట్టూ పోటీ లేని చోట అందరికన్నా ముందు ఎదురువెళ్లేది అదే. అలాగని ఊళ్లో సెల్‌ఫోన్ టవర్ ఉంది కనుక అర కిలోమీటరు అవతలి చింతచెట్టుకు భయం లేదనుకోవడానికి వీల్లేదు. చివరి వంద మీటర్లలోనే ఎంపిక జరుగుతుంది గనక, అంత దూరాన టవర్ ఎంత ఎత్తున్నా ఈ పోటీలో దానికి చోటు లేదు.

రెండు బాటలూ కలిసిన క్షణాన నేల నుంచి మబ్బు వైపు కళ్లు మిరుమిట్లు గొలిపే వెలుగు లేస్తుంది. ఇది తిరుగు మెరుపు, రిటర్న్ స్ట్రోక్. దీని వేగం కాంతి వేగంలో మూడో వంతు దాకా ఉంటుంది. ఇంట్లో ఇస్త్రీపెట్టె నాలుగైదు ఆంపియర్ల కరెంటు లాగుతుంది. ఒక మాదిరి పిడుగులో పారేది 30,000 ఆంపియర్లు. ఆ దారిలోని గాలి 30,000 డిగ్రీల వరకు వేడెక్కుతుంది, సూర్యుడి ఉపరితలం వేడికి ఇది అయిదు రెట్లు. ఆ దారి వెడల్పు మాత్రం రెండు మూడు సెంటీమీటర్లే. అదే దారిన మూడు నాలుగుసార్లు మళ్లీ మళ్లీ కరెంటు పారుతుంది. మెరుపు వణికినట్టు కనిపించడానికి కారణం అదే. అంతా కలిపి అర సెకనులో ముగుస్తుంది.

ఇంత ఆర్భాటం చేసే పిడుగు మొత్తం శక్తిని కరెంటు బిల్లు లెక్కలో చెప్పాలంటే, వంద కోట్ల జౌళ్లనుకుంటే సుమారు 280 యూనిట్లు. ఒక మధ్యతరగతి ఇంటికి ఒకటి రెండు నెలల ఖర్చు. అందులోనూ చాలాభాగం గాలిని వేడెక్కించడానికీ, వెలుగుకూ, ఉరుముకూ ఖర్చయిపోతుంది. చెట్టుకు దక్కేది చిన్న వాటా. నెలల తరబడి వాడుకునే శక్తిలో ఆ చిన్న వాటా కూడా రెప్పపాటులో వెయ్యో వంతులో వచ్చిపడటంతోనే చిక్కంతా.

నీరు ఆవిరైతే

చెట్టును పట్టుకున్న కరెంటుకు నేల చేరడమే పని. ఏ దారిన పోవాలి? రాగి తీగ లాంటిది దొరికితే హాయిగా పోతుంది. రాగిలో అడ్డు తక్కువ, అందుకే వేడీ తక్కువ. ఎండిన కర్రలో అడ్డు చాలా ఎక్కువ, కరెంటు దాన్ని వీలైనంత వరకు తప్పించుకుంటుంది. చెట్టులోని నీరు ఈ రెంటికీ మధ్య రకం. అందులో నేల నుంచి పీల్చుకున్న లవణాలు కరిగి ఉంటాయి గనక కరెంటును రానిస్తుంది. కానీ రాగి అంత సులువుగా రానివ్వదు. రానిచ్చినంతసేపూ సతాయించి తాను వేడెక్కుతుంది. పూర్తిగా మంచి వాహకమో, పూర్తిగా చెడ్డ వాహకమో అయితే చెట్టు బతికిపోయేది. ఈ అరకొర వాహకత్వమే దాని ప్రాణం మీదికి తెస్తుంది.

మరి ఆ నీరు ఎక్కడుంటుంది? వేప, మామిడి, చింత లాంటి చెట్టు మానును అడ్డంగా కోసి చూడండి. అన్నిటికన్నా బయట ఎండిన బెరడు. దాని లోపల పచ్చి బెరడు, ఆకులు తయారుచేసిన ఆహారం వేళ్లకు దిగేది ఇందులోంచే. దాని కింద కంటికి సరిగా ఆనని పలచటి పొర ఒకటి ఉంటుంది, పేరు కేంబియం. మాను లావెక్కేది ఈ పొర వల్లే గనక ఎదుగుపొర అని పిలుద్దాం. ఆ లోపల వేళ్ల నుంచి ఆకులకు నీరు మోసే లేత కలప. నడుమన ముదురు రంగు చేవ. చేవలో నీటి రవాణా ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది. పచ్చి మాను బరువులో దాదాపు సగం నీరేనని గుర్తుంచుకుంటే, ఆ నీటిలో పెద్దవాటా బెరడుకు కాస్త లోపలి ఉంగరంలో ఉందని తెలుస్తుంది. మామూలుగా పిడుగు దారి కూడా అదే.

ఆ ఉంగరంలోని నీరు సెకనులో వెయ్యో వంతు కూడా గడవకముందే ఆవిరవుతుంది. ఆవిరయిన నీటికి మామూలు గాలి ఒత్తిడిలో దాదాపు 1,600 రెట్లు ఎక్కువ చోటు కావాలి. ఆ చోటు చెట్టులో లేదు. తర్వాత జరిగేది మీకు తెలియనిదేమీ కాదు, జొన్న పేలాలు వేయించిన ప్రతి వంటింట్లోనూ జరిగేదే. జొన్నగింజలో గట్టి పొట్టు లోపల కొద్దిపాటి తేమ ఉంటుంది. వేడి బాణలిలో ఆ తేమ ఆవిరై బయటికి రావాలని చూస్తుంది, పొట్టు రానివ్వదు. ఒత్తిడి పెరిగి పొట్టు ఇక ఆపలేని క్షణాన గింజ చిటపటమంటూ విచ్చుకుంటుంది. పొట్టు ముందే పగిలిన గింజ పేలదు, దాని ఆవిరి పగులులోంచి మెల్లగా జారిపోతుంది. బాగా ఎండిపోయిన గింజా పేలదు, ఆవిరయ్యే నీరు అందులో లేదు. అంటే గింజ పేలాలంటే నీరూ కావాలి, ఆ నీటిని బంధించే గోడా కావాలి. ఆ గోడ ఎక్కడుంటే పగులు అక్కడ.

చెట్టుకూ ఇదే లెక్క. ఆవిరి బెరడు కింద పుట్టి, లోపల గట్టి చేవ, బయట బలహీనమైన బెరడు ఉంటే, ఎగిరిపోయేది బెరడు. అప్పుడు మాను మీద నాలుగు వేళ్ల వెడల్పునో, జానెడో, నిలువు చార మిగులుతుంది. బెరడు చెక్కలు పదుల మీటర్ల దూరం దాకా విసిరేసినట్టు పడతాయి. ఈ చార కలప నార వెంటే నడుస్తుంది. నార మెలితిరిగిన మానులో చార కూడా మానును చుట్టుకుంటూ దిగుతుంది. చూసినవాళ్లకు పాము పాకినట్టుంటుంది, దాంతో కథలు పుడతాయి. పిడుగుకు మెలికలు తిరిగే బుద్ధేమీ లేదు, నీటి నాళాలు ఎటు తిరిగితే అటు తిరిగింది.

ఇక మాను నడుమ పుచ్చిపోయి, తొర్రలో వాననీరు ఊరి ఉన్న ముసలి చెట్టును ఊహించుకోండి. అక్కడ కరెంటుకు లోపలి దారే సుఖం. ఆవిరి మాను కడుపులో పుడుతుంది, చుట్టూ ఉన్న కలపంతా గోడే. ఆ గోడ విరిగినప్పుడు చెట్టు నిలువునా చీలుతుంది, ఒక్కోసారి ఈటెల్లాంటి పేళ్లుగా పగిలి చెల్లాచెదురవుతుంది. చూడ్డానికి బాంబు పెట్టి పేల్చినట్టుండే ఆ దృశ్యంలో చాలాసార్లు మసి మచ్చ కూడా కనబడదు. నిప్పుకు అక్కడ తీరిక లేదు. ఆ పనంతా ఆవిరిది.

చార పడిన చెట్టు బతుకుతుందా అన్నది ఆ చార వెడల్పు మీద ఆధారపడుతుంది. మాను చుట్టుకొలతలో కొద్దిభాగమే పోతే మిగతా ఉంగరం నీటినీ ఆహారాన్నీ మోస్తూనే ఉంటుంది. గాయం రెండు అంచుల్లోనూ ఎదుగుపొర ఏటేటా కొత్త కణజాలం పోసి, గుండ్రటి పెదవుల్లా గాయాన్ని మూసుకుంటూ వస్తుంది. ఎదుగుపొర మాను చుట్టూతా చచ్చిపోతే అసలు మోసం అక్కడుంది. చెట్టు వెంటనే చావదు. లోపలి నాళాల్లోంచి నీరు ఇంకా పైకి పోతూ ఉండవచ్చు, ఆకులు పచ్చగానే ఉంటాయి. కానీ ఆహారం కిందికి దిగే దారి తెగింది. వేళ్లు తమలోని నిల్వ తిని, అదీ అయిపోయాక చచ్చిపోతాయి. నెలల తర్వాత చెట్టు ఎండితే, చీడ పట్టిందో నీళ్లు చాలలేదో అనుకుంటాం గానీ ఎప్పటిదో పిడుగు మనకు గుర్తు రాదు. అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల్లో పైన్ చెట్లకు ఇంకో కష్టం ఉంది. పిడుగు దెబ్బతో నీరసించిన పైన్ చెట్టును బెరడు తొలిచే పెంకు పురుగులు ముందుగా పట్టుకుంటాయి, అక్కడ పెరిగి చుట్టుపక్కల చెట్ల మీదికి పోతాయి.

అందుకే పిడుగు పడిన చెట్టును మర్నాడే గొడ్డలి పట్టుకుని కొట్టేయడం తొందరపాటు, బతికిందని సంబరపడటమూ తొందరపాటే. విరిగి వేలాడే కొమ్మలు ఎవరి నెత్తినా పడకుండా తీసేసి, ఒకటి రెండు చిగుళ్లు చూశాక నిర్ణయించుకోవడం మంచిది.

తడిసిన బెరడు చేసే మాయ

పిడుగు పడినా ఏమీ కాని చెట్లు కూడా ఉన్నాయి. జర్మనీలో ఒక పాత సామెత ఉంది: ఉరుములప్పుడు ఓక్ చెట్టుకు దూరంగా ఉండు, బీచ్ చెట్టు కిందికి చేరు అని దాని భావం. తరతరాలుగా జనం అడవుల్లో చూసినదాని మీద కట్టిన సామెత అది. ఓక్ మాన్ల మీద పిడుగు చారలు బోలెడు కనిపించేవి, బీచ్ మాన్ల మీద దాదాపు కనిపించేవి కావు. బీచ్ మీద పిడుగు పడదని తేల్చేశారు.

ఓక్ బెరడు గరుకు, నెర్రెలు నెర్రెలుగా ఉంటుంది. వాన కురిసినా నీరు పల్లాల్లో ఆగిపోతుంది గానీ పైనుంచి కింది దాకా తెగకుండా ధార కట్టదు. కాబట్టి కరెంటు లోపలి తడి దారినే వెతుక్కుంటుంది, బెరడు పేలుతుంది. బీచ్ బెరడు నున్నగా ఉంటుంది. కాసేపు వాన కురిస్తే చాలు, మాను పొడవునా నీటి పొర ఒకటి అల్లుకుంటుంది. కరెంటులో పెద్దవాటా ఆ పైపొర మీదుగానే నేలకు జారిపోతుంది. నీరు ఆవిరవుతుంది, కానీ దాన్ని బంధించే గోడ లేదు. పేలడానికి ఏమీ లేదు. మచ్చ మిగలలేదు గనక పిడుగు పడలేదనుకున్నారు. సాక్ష్యం లేకపోవడాన్నే సాక్ష్యంగా తీసుకున్నారన్నమాట. బీచ్ చెట్టు కింద తలదాచుకున్నవాడికి ఈ నున్నటి బెరడు ఏ రక్షణా ఇవ్వదు, చెట్టు బతుకుతుందేమో గానీ మనిషి సంగతి వేరు.

మన నేల మీద సామెతలు వేరు గానీ సూత్రం అదే. నున్నటి బెరడున్న చెట్టు, గరుకు బెరడున్న చెట్టు పక్కపక్కనే ఉన్నా వాటి మీద పిడుగు వేసే గుర్తులు ఒకేలా ఉండవు. ఒకే చెట్టు విషయంలో కూడా వాన మొదలవకముందు పడిన పిడుగుకూ, బెరడంతా తడిసి కారుతున్నప్పుడు పడిన పిడుగుకూ తేడా ఉండొచ్చు.

ఒక్క మొవ్వు మీద బతికే చెట్లు

ఇప్పుడు తాడి, కొబ్బరి, ఈత దగ్గరికి వద్దాం. ఇవి చూడ్డానికి చెట్లే గానీ కట్టడంలో గడ్డిజాతికి దగ్గరి చుట్టాలు. వీటికి వేపకున్నట్టు ఉంగరాలు లేవు, ఎదుగుపొర లేదు, ఊడిపోవడానికి అసలు సిసలు బెరడు కూడా లేదు. నీరు మోసే నాళాలు మాను అంతటా చెల్లాచెదురుగా నార కట్టలుగా ఉంటాయి. కాబట్టి తడి ఒక్కచోట లేదు, కరెంటుకు ఒక్క దారీ లేదు. పిడుగు మాను మందమంతా తడుముకుంటూ దిగుతుంది. అందుకే తాడిమాను మీద చార కోసం వెతికితే తరచు కనపడదు. పైకి నిక్షేపంలా ఉన్న మాను లోపల ఉడికిపోయి ఉంటుంది.

ఎదుగుపొర లేదంటే గాయం మానే ఏర్పాటు లేదని అర్థం. ఎక్కడానికని కొబ్బరి మానుకు కొట్టిన గంట్లు చూడండి, ఇరవయ్యేళ్లయినా పూడవు. వేప అయితే ఆపాటికి మూసేసుకునేది. వీటికున్న మరో బలహీనత ఇంకా పెద్దది. కొమ్మలుండవు. పెరిగేది మాను నెత్తిన ఉన్న ఒక్క మొవ్వు నుంచే. పిడుగు సరిగ్గా అక్కడే దిగుతుంది. మొవ్వు చస్తే చెట్టు చచ్చినట్టే, మానూ వేళ్లూ ఎంత బాగున్నా.

పిడుగు తగిలిన కొబ్బరిచెట్టును కోనసీమ రైతు దూరం నుంచే పోలుస్తాడు. మట్టలు ఒక్కొక్కటిగా విరిగి, మానును ఆనుకుని కిందికి వేలాడతాయి. మాను మీద అక్కడక్కడా రసం కారి మరకలు కడుతుంది. పిందెలు రాలిపోతాయి. ఆ గాయాల వాసనకు ఎర్రముక్కు పురుగు చేరి గుడ్లు పెడుతుంది. మొవ్వు పోయిందని తేలాక ఆ చెట్టును తోటలో ఉంచుకోవడం ఆ పురుగును మేపడమే.

కొబ్బరిచెట్టు జోరువానలో కాగడాలా మండుతున్న వీడియోలు మన ఫోన్లలో ఏటా తిరుగుతుంటాయి. నీళ్లలో నిప్పు ఎలా అంటుకుందని చాలామంది అడుగుతారు. మామూలుగా పిడుగులోని ఒక్కో దెబ్బ సెకనులో లక్షవంతులు లెక్కపెట్టేంతసేపే ఉంటుంది. అంత తక్కువ సేపట్లో వస్తువు పగులుతుంది గానీ అంటుకోదు. కొన్ని పిడుగుల్లో మాత్రం ఆ పెద్ద దెబ్బ తర్వాత కొన్ని వందల ఆంపియర్ల కరెంటు సెకనులో పదో వంతు, అంతకన్నా ఎక్కువసేపు సాగుతుంది. దీన్ని సాగు కరెంటు అందాం. నిప్పు పెట్టేది ఎక్కువగా ఇదే. కొబ్బరి మొవ్వు చుట్టూ ఎండుమట్టలు, పీచు, జల్లెడలా అల్లుకున్న పంగిడి గుడ్డ ఉంటాయి. వాటి లోపలికి వాన అంత త్వరగా దిగదు. నీరు లేని చోట పేలడానికి ఏమీ లేదు, మండటానికి మాత్రం అంతా సిద్ధంగా ఉంది.

ఎండు నెత్తిన సాగు కరెంటు దిగితే ఎంత పెద్ద చెట్టయినా ఒకటే. కాలిఫోర్నియాలోని సెక్వోయా నేషనల్ పార్కులో వాషింగ్టన్ అని పేరుపెట్టిన మహావృక్షం ఉంది. ఒకప్పుడు ప్రపంచంలో రెండో అతిపెద్ద చెట్టుగా దాన్ని లెక్కగట్టేవారు, ఎత్తు 77 మీటర్లు. 2003లో పిడుగు దాని తలకు నిప్పంటించింది. ఆ కాలిన పైభాగం 2005 జనవరిలో మంచు బరువుకు కూలింది. చెట్టు సగానికన్నా పొట్టిదైపోయింది, అయినా చావలేదు. మొవ్వు ఒక్కటే అయితే ఆ కథ 2003లోనే ముగిసేది.

పక్కవాళ్ల మీదికి

కొబ్బరితోట రైతు మాట ఇంకా మిగిలి ఉంది. ఒక చెట్టు మీద పడితే ఇన్ని ఎందుకు చచ్చాయి? పిడుగు తగిలిన చెట్టులో కరెంటు సులువుగా దిగదని చెప్పుకున్నాం. దిగలేక చెట్టు పొడవునా వోల్టేజి పేరుకుంటుంది. పక్కన ఇంతకన్నా సులువైన దారి కనబడితే, మీటరో రెండు మీటర్లో గాలిని దాటి అటు దూకుతుంది. మట్టకు మట్ట తగిలే తోటలో దూకాల్సిన దూరం కూడా ఉండదు. దీన్ని పక్కదూకు అందాం. నేలలోకి దిగిన కరెంటు వేళ్ల మధ్య పాకుతుంది కూడా. ఇలా దెబ్బతిన్న పక్క చెట్లు వారాల తర్వాత, నెలల తర్వాత ఒక్కొక్కటే పోతాయి.

పిడుగు దూకడానికి పక్కచెట్టే ఉండనక్కరలేదు. చెట్టు కింద నిలబడ్డ మనిషి అంటే ఉప్పునీళ్లు నిండిన శరీరం, కర్రకన్నా ఎంతో మంచి వాహకం. మాను మీదుగా దిగుతున్న కరెంటు భుజం ఎత్తులో ఈ కొత్త దారిని చూసి దూకుతుంది. మనిషి తప్పించుకున్నా నేల మిగిలి ఉంది. చెట్టు మొదలు నుంచి దూరం పోయేకొద్దీ నేలలో వోల్టేజి తగ్గుతూ ఉంటుంది, కాబట్టి ఒక కాలు దగ్గరగా, ఒక కాలు దూరంగా ఉన్న జీవిలో కరెంటు ఒక కాలి నుంచి ఎక్కి మరో కాలి నుంచి దిగుతుంది. ఎడం ఎక్కువ ఉన్న నాలుగు కాళ్ల పశువులకు ఇది మరీ ప్రమాదం, మనిషిలోలా కాకుండా వాటిలో ముందు కాళ్లకూ వెనక కాళ్లకూ మధ్యే గుండె ఉంటుంది. 2016 ఆగస్టులో నార్వేలోని హార్డంగర్‌విడ్డ పీఠభూమి మీద ఒకే పిడుగుపాటుకు 323 రెయిన్‌డీర్లు చచ్చిపడ్డాయి. అక్కడ చెట్టే లేదు. వాన వస్తే మేకలన్నీ ఒకే చెట్టు కింద మూగే మన బీళ్లలో నేల కరెంటుకు చెట్టు కూడా తోడవుతుంది.

మన దేశంలో పిడుగులకు ఏటా రెండున్నర వేలమందికి పైగా చనిపోతున్నారని నేర గణాంకాల సంస్థ లెక్కలు చెబుతున్నాయి. 2022లో ఆ సంఖ్య 2,887. ఎక్కువమంది పొలాల్లో పనిచేసేవాళ్లే. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయి. పుణె వాతావరణ శాస్త్రజ్ఞులు తయారుచేసిన దామిని యాప్ లాంటివి ఇప్పుడు ముందుగానే హెచ్చరిస్తున్నాయి. ఉరుము వినపడ్డాక అర్జునుడి పేర్లు తలుచుకునే అలవాటున్నవాళ్లు తలుచుకోవచ్చు, కానీ నడుస్తూ తలుచుకోవాలి, చెట్టు నుంచి పక్కా కప్పున్న ఇంటివైపు.

ఈ సందర్భంలోనే ఒక ప్రభుత్వ ఆలోచన గురించి నా అభ్యంతరం చెప్పాలి. బంగ్లాదేశ్ 2017లో పిడుగు మరణాలు తగ్గించడానికి పది లక్షల తాటి మొక్కలు నాటించింది. ఒడిశా కూడా 2024లో లక్షల సంఖ్యలో తాళ్లు నాటే పథకం ప్రకటించింది. తాళ్లు నాటడం మంచిదే, నేలకూ మనకూ లాభం. కానీ పిడుగుకు ఎదురువెళ్లడం ఒకటి, దాన్ని క్షేమంగా నేలకు దించడం మరొకటి. రాగి కడ్డీ రెండూ చేస్తుంది. తాడిచెట్టు మొదటిది చేసి, రెండోది సగంలో వదిలేసి పక్కకు దూకనిస్తుంది. పైగా మొక్క పిడుగును పిలిచేంత ఎత్తు కావడానికి పది పదిహేనేళ్లయినా పడుతుంది. ఎదిగాక దాని నీడన ఎవరూ నిలబడకూడదని చెప్పేదెవరు?

పిడుగుతో బాగుపడే చెట్టు

పనామా కాలువ కోసం నదికి ఆనకట్ట కట్టినప్పుడు ఏర్పడిన గాటున్ సరస్సులో బారో కొలరాడో అని ఒక దీవి ఉంది. దట్టమైన అడవి, స్మిత్సోనియన్ సంస్థ పరిశోధన కేంద్రం. అక్కడ ఇవాన్ గోరా, స్టీవ్ యానోవియాక్ బృందం టవర్ల మీద కెమెరాలు పెట్టి పిడుగు ఎక్కడ పడిందో గుర్తుపట్టి, ఆ చెట్టు దగ్గరికే వెళ్లి, నెలల తరబడి మళ్లీ మళ్లీ చూసి వస్తోంది. అంతకు ముందు అడవిలో పిడుగు పడిన చెట్టు అంటే చారో, మంటో, చీలికో ఉన్నదే. వీళ్లకు కనిపించిన పిడుగుల్లో అలాంటి గుర్తులు చాలా అరుదు. పిడుగు దెబ్బతిన్న చెట్లకు తగిలిన వైపున ఉన్న కొమ్మల చివర్లు మాడటమే ముఖ్యమైన ఆనవాలు. సగటున ఒక్కో పిడుగు 23 చెట్లను గాయపరిచింది, ఏడాది తిరిగేసరికి వాటిలో అయిదు చనిపోయాయి. ఆ అడవిలో మహావృక్షాల మరణాల్లో నూటికి నలభై పిడుగు ఖాతాలోవే. ప్రపంచమంతటికీ వేసిన అంచనా ఒకటి 2025లో జర్మనీ శాస్త్రజ్ఞుల నుంచి వచ్చింది: కార్చిచ్చుల్ని పక్కనపెట్టి, నేరుగా పిడుగుపాటుకే ఏటా 32 కోట్ల చెట్లు చస్తున్నాయని.

అదే దీవిలో ఇందుకు పూర్తిగా ఎదురు నడిచే చెట్టొకటుంది. దాని శాస్త్రనామం డిప్టెరిక్స్ ఒలీఫెరా, చిక్కుడు కుటుంబానికి చెందిన ఎత్తైన చెట్టు. నేరుగా పిడుగు తగిలిన తొమ్మిది డిప్టెరిక్స్ చెట్లను గోరా బృందం గమనించింది. తొమ్మిదీ బతికాయి, పెద్దగా గాయం కూడా లేకుండా. ఇతర జాతుల్లో పిడుగు తగిలినవాటిలో నూటికి 64 రెండేళ్లలో చనిపోయాయి. అంతటితో అయిపోలేదు. డిప్టెరిక్స్ తల మీద పడిన పిడుగు దాన్ని చుట్టుకున్న అడవితీగల్లో నూటికి 78 వంతులు చంపేసింది. పక్కదూకుతో చుట్టూ ఉన్న తొమ్మిది చెట్ల దాకా చచ్చి, ఈ చెట్టు నెత్తిన ఎండ పడటానికి ఖాళీ దొరికింది. ఒక్కో డిప్టెరిక్స్‌కు సగటున 56 ఏళ్లకోసారి నేరుగా పిడుగు తగులుతుందనీ, ఈ లాభాల వల్ల దాని జీవితకాలపు విత్తనాలు 14 రెట్లు పెరుగుతాయనీ 2025లో వాళ్లు లెక్కగట్టారు.

ఈ చెట్టు ఎందుకు చావదు? జాతిని బట్టి కలపలో కరెంటుకు ఎదురయ్యే అడ్డు మారుతుందని ఇదే బృందం అంతకుముందే కొలిచి చూపింది. అడ్డు తక్కువైతే వేడి తక్కువ, మాను లావైతే అదే కరెంటు ఎక్కువ తడిలోకి పంచుకుపోతుంది గనక ఏ ఒక్కచోటా నీరు పేలేంతగా ఉడకదు. డిప్టెరిక్స్ విషయంలోనూ వాళ్లు అనుమానిస్తున్న కారణం ఇదే. ఎక్కువ కరెంటు మోయగల చెట్టే తక్కువగా కాలుతుంది. దాన్ని చుట్టుకున్న తీగలు, పక్కనున్న చెట్లు మాత్రం ఆ లెక్కలో ఇమడవు.